పెచ్చు వెనకవైపు

ఆ చుట్టుపక్కల ఎవరింట్లో వంటగది కబోర్డులకు తెల్లరంగు వేయించాలన్నా ముందు పాలమేస్త్రీ మాటే వచ్చేది. ఆయనకు అసలు పేరు ఒకటి ఉంది గానీ, గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా దానితో పనిపడలేదు. "ఆయన వేసిన తెలుపు పాలలాంటిది, కాకపోతే విరగదు" అని ఎప్పుడో ఒక ఇల్లాలు మెచ్చుకున్న మాట నోటా నోటా తిరిగి పేరై కూర్చుంది. ఆయనకూ ఆ పేరంటే ముద్దే. ఫోనులో ఎవరైనా "పాలమేస్త్రీ గారేనా" అంటే, "నేనే, కాకపోతే పొద్దున్నే వచ్చి గిన్నె పెట్టమని అడగను" అని నవ్వేవాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. పని నేర్పిన పెద్దమేస్త్రీ మొదటి మూడేళ్ళూ ఆయన చేతికి బ్రష్షే ఇవ్వలేదు. ఉప్పుకాగితం ఇచ్చి రుద్దమనేవాడు. వేళ్ళ చివర్లు అరిగి, గ్లాసు పట్టుకుంటే వేడో చల్లో తెలిసేది కాదు. "రంగు నిలబెట్టేది ఉప్పుకాగితంరా. బ్రష్షు ఊరికే పేరు కొట్టేస్తుంది" అనేవాడు పెద్దమేస్త్రీ. ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఎక్కడైనా రంగు పెచ్చు ఊడితే ముందు దాన్ని తిప్పి చూడాలి. వెనకవైపు గరుగ్గా, పాతరంగు పొడి అంటుకుని ఉంటే ఎవరో గోకి పీకినట్టు. అద్దంలా నున్నగా ఉంటే, కింద రుద్దకుండానే పైన రంగు పూసినట్టు. "ముందువైపు అందరికీ కనబడుతుంది. వెనకవైపు వేసినవాడి గుణం చెబుతుంది."

ఈ మాటను పాలమేస్త్రీ ముప్పై ఏళ్ళుగా పదిమందికి చెప్పాడు. ఎవరైనా తడిగుడ్డతో ఒక తుడుపు తుడిచి రంగు వేసేస్తే "పైన పటారం, లోన లొటారం" అని వెక్కిరించాడు. అలాంటి మనిషి ఒకరోజు ఒక పెచ్చును పిడికిట్లో దాచాడు.

నాలుగో అంతస్తులో ఉండే బ్యాంకు మేడమ్ ఇంట్లో జరిగింది అది. ఆవిడ వంటగదిలో కబోర్డులన్నీ చెక్కవి. పాత మీగడరంగు ఎనామిల్ గాజులా మెరుస్తూ, పొయ్యి పక్కన మాత్రం నూనె జిడ్డుతో నల్లబారి ఉండేది. ఆవిడకు తెలుపు కావాలి. షాపు నుంచి తెచ్చిన కార్డులో పద్నాలుగు తెలుపులున్నాయి.

"ఇన్ని తెలుపులేమిటి మేస్త్రీ గారూ, నా కళ్ళకు అన్నీ ఒకటే."

"కార్డు మీద అన్నీ మంచివేనమ్మా. ఫోటోలో అందరూ తెల్లగానే ఉంటారు. ఉద్యోగంలో పెట్టాక తెలుస్తుంది."

ఆయనకు ఒక పద్ధతి ఉంది. నాలుగు చెక్కముక్కలకు నాలుగు రకాల తెల్లరంగు వేసి, వెనక అంకెలు రాసి, వంటగదిలోనే పది రోజులు వదిలేస్తాడు. ఒకటి నూనెతో కలిపే పాతకాలపు ఎనామిల్. రాయిలా గట్టిది, కానీ వెలుతురు తగలని చోట ఏడాదికే పసుపెక్కుతుంది. రెండోది గోడలకు వేసేది, చవక. మూడోది నీళ్ళతో కలిపే ఎనామిల్, కాస్త మెరుపు ఉంటుంది. నాలుగోది అదే రకం, మెరుపు అసలు లేనిది. మేడమ్ మనసంతా నాలుగోదాని మీదే ఉంది.

ఆ ఇంట్లో వంటా తుడుపూ చూసే ఆమెకు నలభై ఆరేళ్ళు. అయినా ఆ బిల్డింగులో అందరూ "అమ్మాయ్" అనే పిలుస్తారు. వెనక పనిమనిషి అంటారు. మేస్త్రీ చేసేదీ పనే, ఆయనా మనిషే, అయినా ఆయన్ని ఎవరూ ఆ మాట అనరు. మొదటిరోజు ఆయన ఆమెను "చెల్లెమ్మా, కాస్త మంచినీళ్ళు" అన్నాడు. ఆమె "ఇదిగో అన్నా" అంది. అందుకని ఇక్కడా ఆమె చెల్లెమ్మే.

"చెల్లెమ్మా, ఈ నాలుగింటినీ నువ్వు రోజూ ఎలా తుడుస్తావో అలాగే తుడువు. జాలి చూపించకు."

"నా చేతికి జాలి ఎక్కడిదన్నా, గిన్నెలడగండి" అందామె.

పది రోజులూ ఆమె ఆ చెక్కముక్కల మీద టీ ఒలికించింది, వేడినూనె చిలకరించింది, జిడ్డుచేత్తో ముట్టుకుంది, పాతబనీను గుడ్డను సబ్బునీళ్ళలో ముంచి తుడిచింది. పదకొండో రోజు మేడమ్ ముందు వాటిని వరసగా పెట్టి వాటి జాతకం చెప్పింది.

"రెండోది మూడోరోజుకే చేతికొచ్చింది. నాలుగోది చూడ్డానికి బాగుంది మేడమ్, కానీ మరక తుడిస్తే పోదు, పక్కకి జరుగుతుంది. మూడోదైతే ఒక్క తుడుపుకి వదిలింది. అదే వేయించండి."

పాలమేస్త్రీ తలూపాడు. తానైనా అదే చెప్పేవాడు. కానీ ఇంత సూటిగా చెప్పగలిగేవాడు కాదేమో. రంగు వేసేవాడు ఒక్కసారే ముట్టుకుంటాడు, తుడిచే మనిషి వెయ్యిసార్లు ముట్టుకుంటుంది.

మేడమ్ నవ్వింది. "సరే, నువ్వు చెప్పావనే వేయిస్తున్నా. రేపు తేడా వస్తే నిన్నే అడుగుతా."

అందరూ నవ్వారు. ఆరోజు అది నవ్వులాటే.

పని తొమ్మిది రోజులు పట్టింది. తలుపులు ఒక్కొక్కటీ బట్టలసోడా నీళ్ళతో కడిగి, ఉప్పుకాగితంతో పాతమెరుపు చచ్చేదాకా రుద్ది, ప్రైమర్ వేసి, సందుల్లో లప్పం పెట్టి, మళ్ళీ రుద్ది, రెండు కోట్లు వేశాడు. పొయ్యి పక్కన రెండు తలుపులు మాత్రం చివరికి మిగిలాయి, ఇంట్లో రోజూ వంట జరగాలి కాబట్టి. తొమ్మిదో రోజు పొద్దున పెద్ద తలుపులన్నిటికీ ఆఖరి కోటు వేసి, వెనక్కి తిరిగి చూస్తే ఆ రెండూ జిడ్డుతో, పాతమెరుపుతో అలాగే ఉన్నాయి. ఇప్పుడు వాటిని రుద్దితే లేచే దుమ్మంతా తడి ఆరని తలుపుల మీద వాలుతుంది, తొమ్మిది రోజుల పనీ ఇసుక చల్లినట్టవుతుంది. ఒక్కరోజు ఆగితే సరిపోయేది. కానీ సాయంత్రం మేడమ్ ఇంటికి ఆఫీసువాళ్ళు వస్తున్నారు. "పూర్తయిపోతుందిగా మేస్త్రీ గారూ" అని ఆవిడ అప్పటికి మూడుసార్లు అడిగింది. పాలమేస్త్రీ "రేపు అవుతుందమ్మా" అనాల్సినవాడు. "అయిపోయినట్టేనమ్మా" అన్నాడు.

తడిగుడ్డతో ఒక తుడుపు తుడిచాడు. రోలర్ పెట్టాడు. ఉప్పుకాగితం లేదు, ప్రైమర్ లేదు. మిగతా తలుపుల పక్కన పెడితే వెంట్రుకంత తేడా కూడా కనబడలేదు. సాయంత్రం వచ్చినవాళ్ళు ఎవరు వేశారని అడిగి మరీ ఆయన నంబరు రాసుకున్నారు.

మూడు నెలలకు మేడమ్ ఫోన్ చేసింది.

ఆయన వెళ్ళేసరికి మేడమ్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చెల్లెమ్మ సింకు దగ్గర ఉంది. పొయ్యి పక్కన మొదటి తలుపు మీద అరచేయంత మేర తెలుపు లేచిపోయి, లోపల మీగడరంగు కనబడుతోంది.

"ఎంత రుద్దితే ఇలా లేస్తుంది మేస్త్రీ గారూ? తీగపీచు పెట్టి రుద్దిందే కదా ఇది?"

"నేను పీచు పెట్టలేదు మేడమ్. బనీను గుడ్డే" అంది చెల్లెమ్మ. ఆయన వైపు తిరిగి, "అన్నా, మీరు చెప్పినట్టే తుడిచాను" అంది.

వేలాడుతున్న పెచ్చును ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. అంటించిన కాగితంలా సులువుగా ఊడొచ్చింది. తిప్పి చూశాడు. వెనకవైపు గాజుముక్కలా మెరిసింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి తనంతట తానే మూసుకుంది.

మేడమ్ జవాబు కోసం చూస్తోంది. చెల్లెమ్మ కూడా చూస్తోంది. ఆమె చూపులో భయం లేదు. అన్న వచ్చాడు, చెబుతాడు అనే నిబ్బరం ఉంది. తర్వాత రోజుల్లో ఆయన్ని నిలవనివ్వనిది ఆ నిబ్బరమే.

"పీచు పెట్టి రుద్దితే ఏ రంగూ నిలవదమ్మా" అన్నాడు పాలమేస్త్రీ.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నిజంగానే ఏ రంగూ నిలవదు. ఒక మనిషి నోరు నొక్కడానికి కొన్నిసార్లు నిజమే బాగా పనికొస్తుంది. మేడమ్‌కు కావలసిందీ అంతే. పనివాడు పెద్దమనిషి, పేరున్నవాడు, ఆయనే చెప్పాడు. తుడిచే ఆడమనిషి మాటను ఇంక ఎవరు తూకం వేస్తారు?

ఆయన వంగి, ఊడిన చోట రంగు పూసి, పెచ్చును చొక్కా జేబులో వేసుకుని వచ్చేశాడు. చెల్లెమ్మ సింకు వైపు తిరిగి కుళాయి విప్పింది. వెళ్ళేటప్పుడు ఎప్పుడూ "వెళ్ళొస్తా చెల్లెమ్మా" అనేవాడు. ఆరోజు చెప్పకుండానే గుమ్మం దాటాడు.

ఇంకో నెలకు అదే బిల్డింగులో రెండో అంతస్తు నుంచి పిలుపొచ్చింది. ఆ ఇల్లాలు కబోర్డులు చూపిస్తూ, "తెలుపంటే భయమేస్తోంది మేస్త్రీ గారూ. నాలుగో అంతస్తులో ఏమైందో మా బిల్డింగు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టారుగా. మా ఇంట్లోనూ ఆ అమ్మాయే చేసేది. ఆ మేడమ్ మాన్పించాక మేమూ మాన్పించేశాం. మూడో అంతస్తువాళ్ళూ మాన్పించారు" అంది మామూలుగా, కూరలో ఉప్పెక్కువైందని చెప్పినట్టు.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. కొలతలు తీసుకోవడానికి తెచ్చిన టేపు చేతిలోనే ఉండిపోయింది. మళ్ళీ వస్తానని చెప్పి బయటపడ్డాడు. లిఫ్టులో అద్దం ఉంటుందని మెట్లు దిగాడు.

ఇంటికి వెళ్ళేసరికి భార్య బట్టలు నానబెడుతోంది. పెళ్ళయిన కొత్తలో ఆరేళ్ళు ఆయనతో పాటు పనికి వెళ్ళి తలుపులు రుద్దిన మనిషి. ఆయన విప్పి ఇచ్చిన చొక్కా జేబులు ఖాళీ చేస్తూ పెన్సిలు, చిల్లర, రశీదు పక్కన పెట్టి, పెచ్చును మాత్రం వెలుతురుకు పట్టుకుంది. ఆయన దాన్ని నెలరోజులుగా ఒక చొక్కాలోంచి ఇంకో చొక్కాలోకి మారుస్తున్నాడు. ఎందుకు పారెయ్యలేదో ఆయనకే తెలియదు.

"ఇదెవరి పనితనం? ఉప్పుకాగితం మొహం చూసినట్టు లేదు."

ఆయన తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

"అడిగేది నిన్నే. ఎవడిది?"

"నాదే."

ఆమె నవ్వబోయి ఆయన మొహం చూసి మానేసింది. ఆయన గుమ్మంలో కూలబడి అంతా చెప్పాడు. ఆఫీసువాళ్ళు వస్తున్నారన్నదీ చెప్పాడు, తడితలుపుల సంగతీ చెప్పాడు. ఆమె సబ్బుచేతులు దులుపుకుంటూ విన్నది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నావు. బానే ఉంది. ఇక్కడ మద్దెలకు మూడిళ్ళ పని పోయింది."

"అప్పుడు నోరు రాలేదే."

"రాకేం, వచ్చింది. 'ఏ రంగూ నిలవదమ్మా' అన్నప్పుడు బాగానే వచ్చిందిగా" అంది ఆమె. తర్వాత గొంతు తగ్గించి, "నేనూ ఇళ్ళల్లో చేసినదాన్నే. గ్లాసు పగిలితే ఎవరి చేతుల్లో పగిలిందని ఎవరూ అడగరు. ముందు మన వైపే చూస్తారు. పెచ్చు పట్టుకుని వెళ్ళు" అంది.

చెల్లెమ్మ ఇప్పుడు ఒక ఆరంతస్తుల ఆఫీసులో మెట్లు తుడుస్తోందని బిల్డింగు వాచ్‌మన్ చెప్పాడు. పాలమేస్త్రీ వెళ్ళేసరికి మూడో అంతస్తు మలుపులో బకెట్ పక్కన కూర్చుని గుడ్డ పిండుతోంది. ఫినాయిలు వాసన కళ్ళకు కొడుతోంది. ఆయన్ని చూసి లేవలేదు.

"మేస్త్రీ గారా" అంది.

"అన్నా" అనలేదు. ఆయన అది విన్నాడు.

దారిలో కూర్చుకున్న మాటలన్నీ మెట్ల మీదే జారిపోయాయి. పెచ్చు తీసి, వెనకవైపు పైకి పెట్టి ఆమె చేతికిచ్చాడు. "ఆ రెండు తలుపులూ నేను రుద్దలేదు. రుద్దకుండానే రంగు వేశాను. ఆరోజే నాకు తెలుసు. చెప్పలేదు."

ఆమె దాన్ని బొటనవేలితో నిమిరింది. చాలాసేపు నిమిరింది.

"నెలరోజులుగా నా చెయ్యినే అనుమానించుకుంటున్నాను" అంది. "గట్టిగా అదిమానేమో, గుడ్డలో ఇసుక ఉందేమో, సబ్బు ఎక్కువైందేమో అని. మీరు చెప్పారు కాబట్టి నిజమే అయ్యుంటుంది అనుకున్నా. ఇక్కడ ఈ మెట్లు తుడిచేటప్పుడు కూడా మెల్లగా తుడుస్తున్నా. సూపర్‌వైజరు చేతిలో చేవ లేదా అంటాడు."

పాలమేస్త్రీ తల దించుకున్నాడు. పని పోగొట్టాననే అనుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ళు తుడిచిన చేతికి దాని మీద దానికే నమ్మకం పోగొట్టాడని ఇప్పుడు తెలిసింది.

"తప్పయిపోయింది చెల్లెమ్మా. క్షమించు."

"ఇక్కడ కాదు" అందామె. "మెట్ల మీద నాకు చెప్తే నాకూ మీకూ తెలుస్తుంది. నన్ను ఎక్కడ అన్నారో అక్కడ చెప్పండి. ఆ వంటింట్లో, ఆ మేడమ్ ముందు, నేను పక్కన ఉండగా."

ఆదివారం పొద్దున ఇద్దరూ వెళ్ళారు. మేడమ్ తలుపు తీసి, ఆయన్ని చూసి నవ్వి, ఆయన వెనక ఆమెను చూసి నవ్వు ఆపింది.

వంటగదిలో పాలమేస్త్రీ సంచిలోంచి అతికే టేపు తీశాడు. పొయ్యికి దూరంగా ఉన్న తలుపుకు అంటించి సర్రున లాగాడు. రంగు కదల్లేదు. పొయ్యి పక్కన రెండో తలుపుకు, ఇంకా ఊడని చోట, అంటించి లాగాడు. టేపుతో పాటు బెత్తెడు తెలుపు వచ్చేసింది. దాన్ని తిప్పి మేడమ్‌కు చూపించాడు.

"ఈ నునుపు చూశారా అమ్మా. ఇక్కడ నేను రుద్దలేదు. ఆరోజు మీవాళ్ళు వస్తున్నారని తొందరపడ్డాను. గుడ్డ తగిలినా ఊడుతుంది, తగలకపోయినా ఊడుతుంది. ఈమె తప్పేం లేదు. మీరడిగినప్పుడు నాకు తెలిసే అలా అన్నాను."

మేడమ్ కాసేపు టేపు వైపే చూసింది. "అప్పుడే చెప్పొచ్చుగా మేస్త్రీ గారూ. నేనేమన్నా కొడతానా?"

"చెప్పాల్సింది. ముఖం చెల్లలేదు."

"నేను చెప్పాను మేడమ్" అంది చెల్లెమ్మ. "పీచు పెట్టలేదని చెప్పాను. మీరు నా మాట విని కూడా ఆయన్నే అడిగారు."

మేడమ్ మొహం ఎర్రబడింది. చెడ్డమనిషి కాదు. చెడ్డవాళ్ళే అన్యాయం చేస్తే లోకంలో ఇంత అన్యాయం ఉండేది కాదు. "సర్లే, అయిందేదో అయింది. సోమవారం నుంచి వచ్చెయ్" అంది.

"మీ గ్రూపులో ఫోటో పెట్టారట" అంది చెల్లెమ్మ.

"అది... అప్పుడు కోపంలో."

"అందులోనే ఇదీ పెట్టండి."

మేడమ్ ఫోను తీసి ఏదో టైపు చేసింది. చెల్లెమ్మ చెయ్యి చాచింది. చాచిన చేతిలో ఫోను పెట్టక తప్పలేదు. ఆమె అక్షరాలు కూడబలుక్కుంటూ పైకే చదివింది. "మా కబోర్డుల విషయంలో చిన్న పొరపాటు జరిగింది. అమ్మాయి తప్పు లేదు." ఫోను తిరిగిచ్చింది.

"పొరపాటు ఎవరిదో ఇందులో లేదు మేడమ్."

కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఆ గ్రూపులో అరవై ఇళ్ళున్నాయి. అందులో సగం ఇళ్ళకు తన చేతి తెలుపే ఉందని పాలమేస్త్రీకి తెలుసు. ముప్పై ఏళ్ళు రుద్ది సంపాదించిన పేరు. ఒక్క వాక్యం చాలు.

"నా పేరు రాయండమ్మా" అన్నాడు. "మేస్త్రీ అని కాదు, ఏ మేస్త్రీయో అనుకుంటారు. పాలమేస్త్రీ అని రాయండి. రుద్దకుండా రంగు వేశాడు, అడిగితే ఇంకొకరి మీదికి తోశాడు అని రాయండి."

మేడమ్ రాసింది. పంపింది. నిమిషంలోపే ఫోను గుయ్‌మంది, మళ్ళీ గుయ్‌మంది. ఎవరేం అన్నారో ఆవిడ చదవలేదు, ఆయన అడగలేదు. చెవులు మాత్రం కాలిపోయాయి. నిజం చెబితే బరువు దిగుతుందంటారు. ఆయనకు దిగలేదు. బరువు ఎక్కడుందో మాత్రం సరిగ్గా తెలిసింది.

ఆయన ఆ రెండు తలుపులూ బందుల నుంచి ఊడదీసి, బాల్కనీలోకి తీసుకెళ్ళి, ఊడేదంతా గీకి, సోడానీళ్ళతో కడిగి ఎండకు ఆరబెట్టాడు. ఉప్పుకాగితం చెక్కకు చుట్టి రుద్దడం మొదలుపెట్టాడు.

"సోమవారం సంగతి ఏం చెప్తావు?" అని మేడమ్ లోపల్నుంచి అడిగింది.

"ముందు తలుపులు అవ్వనివ్వండి మేడమ్. తర్వాత ఆలోచిస్తా" అంది చెల్లెమ్మ.

ఆమె వెళ్ళలేదు. బాల్కనీలోకి వచ్చి, పమిటచెంగుకు చెయ్యి తుడుచుకుని, రుద్దిన తలుపు మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు జరిపింది. మెల్లగా కాదు, గట్టిగానే. పిడి దగ్గర ఆగింది.

"ఇక్కడ ఇంకా నున్నగానే ఉంది."

పాలమేస్త్రీ తన వేళ్ళతో తాకి చూశాడు. ఎప్పుడో అరిగిపోయిన ఆయన వేళ్ళకు ఏమీ తెలియలేదు. ఆమె చూపించిన చోట మళ్ళీ రుద్దాడు. ఆమె మళ్ళీ చెయ్యి పెట్టింది, తల అడ్డంగా ఊపింది. ఆయన కాగితం మడత మార్చుకుని, తల ఎత్తకుండా, మళ్ళీ మొదలుపెట్టాడు.